లాన్సా, ఫీల్డ్సా, మ్యాక్ జోన్సా? ఆ 34 రోజులు మేం అసలు దేని గురించి కొట్లాడుకున్నాం

2021 మార్చి 26, శుక్రవారం. ఇంట్లోంచే ఆఫీసు పని నడుస్తున్న రోజులు. మీటింగ్ మధ్యలో ఫ్రీమాంట్ బావ దగ్గర్నుంచి ఫోన్, నేను ఎత్తలేదు, వెంటనే ఇంకోటి, మూడోసారి కూడా మోగేసరికి ఇండియా నుంచి ఏమైనా కబురొచ్చిందేమోనని గుండె జారిపోయి, మైక్ మ్యూట్ చేసి ఎత్తా. "ఒరేయ్, మూడు ఫస్ట్ రౌండ్లు ఇచ్చేశార్రా!" అన్నాడు. హలో లేదు, ఎలా ఉన్నావ్ లేదు. నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే జనవరి నుంచి మేం ఫోన్లో మాట్లాడుకుంటోంది అదొక్కటే.

మా అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో 12వ నంబర్‌లో ఉన్నారు. మయామి డాల్ఫిన్స్‌తో బేరం కుదుర్చుకుని 3వ నంబర్‌కి వెళ్లిపోయారు, బదులుగా ఆ 12వ నంబర్, 2022 ఫస్ట్ రౌండ్ పిక్ (కుర్రాణ్ని ఎంచుకునే వంతు), 2023 ఫస్ట్ రౌండ్ పిక్, అవి చాలవన్నట్టు 2022 మూడో రౌండ్ పిక్ ఒకటి ఇచ్చేశారు. అంత పోసి పైకెళ్లేది క్వార్టర్‌బ్యాక్ కోసమే, అందులో ఎవరికీ డౌట్ లేదు, ఏ క్వార్టర్‌బ్యాక్ కోసం అన్నదే తెలీదు. డ్రాఫ్ట్ ఏప్రిల్ 29న. మధ్యలో 34 రోజులు. ప్రతి వసంతంలో ఏదో ఒక ఊరి ఫ్యాన్స్ ఇదే గొడవ పడతారు, కానీ అందరూ ఒకే ప్రశ్న మీద గొడవ పడటం లేదని నాకు మా టీమ్ దెబ్బ తిన్నాకే తెలిసొచ్చింది, అందుకే ఆ ముడి ఎక్కడెక్కడ పడిందో విప్పి చెప్పాలనిపించింది.

ఈ ఆట చూడని వాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాదాపు ప్రతి ప్లే క్వార్టర్‌బ్యాక్ చేతుల్లోంచే మొదలవుతుంది. బంతి చేతికొచ్చాక అతనికి ఉండేది రెండున్నర, మూడు సెకన్లు, ఆ లోపల మీదకొస్తున్న నలుగురైదుగురు భారీ మనుషుల్ని కనిపెట్టుకుంటూ, దూరంగా పరిగెడుతున్న తన వాళ్లలో ఎవరు ఖాళీగా ఉన్నారో, ఇంకో అర సెకనులో ఎవరు ఖాళీ అవుతారో చూసి విసరాలి. క్రికెట్లో ఓపెనర్ డకౌట్ అయితే మిగతావాళ్లు లాక్కొస్తారు, ఇక్కడ క్వార్టర్‌బ్యాక్‌కి ఆ రోజు బాలేకపోతే మిగతా పదిమంది ఎంత గొప్పవాళ్లైనా పెద్దగా చేయగలిగింది ఉండదు. ఇక డ్రాఫ్ట్ అంటే కాలేజీ కుర్రాళ్లని టీమ్‌లు పంచుకోవడం, 32 టీమ్‌లు, 7 రౌండ్లు, పోయిన ఏడాది బాగా ఓడినవాళ్లకి ముందు ఛాన్స్. ఐపీఎల్ వేలంలా చెయ్యెత్తి డబ్బు పెంచడం ఉండదు, ఇక్కడ చెల్లే నోటు డబ్బు కాదు, వంతు. నీ వంతు ముందుకి రావాలంటే రేపటి వంతులు, ఎల్లుండి వంతులు వదులుకోవాలి.

అసలు మా టీమ్‌కి అంత అవసరం ఏమొచ్చింది? క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, జిమ్మీ గరాపలో, 2018లో 5 ఏళ్లకు 13 కోట్ల 75 లక్షల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చి ఉంచుకున్నదే. కానీ 2018లో మోకాలు పోయి మూడో మ్యాచ్‌కే సీజన్ అయిపోయింది, 2020లో 16 మ్యాచ్‌లకు ఆరే ఆడాడు. మధ్యలో 2019 సీజన్ అంతా బాగుండి లీగ్ ఫైనలైన సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు, అక్కడ నాలుగో క్వార్టర్‌లో 20-10తో ముందున్న మ్యాచ్ కాన్సాస్ సిటీకి 31-20తో పోయింది. చివర్లో పాస్‌లు పట్టే మా రిసీవర్ ఇమాన్యుయెల్ శాండర్స్ డిఫెండర్లని దాటి వెళ్లిపోయాడు, బంతి అతని చేతులకి అందనంత ముందు పడింది. ఆ ఒక్క పాస్‌ని బే ఏరియాలో ఎంతమంది ఎన్నిసార్లు మళ్లీ చూసుకున్నారో చెప్పలేను, నేనైతే లెక్కపెట్టడం మానేశా. అవతల వైపు వాళ్ల క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ ప్లే మొత్తం చెడిపోయినా కాళ్లతో తప్పించుకుని, చెయ్యి తిప్పి, ఎక్కడో దూరంగా ఉన్నవాడికి విసిరేవాడు, మనకి అలాంటివాడు లేడే అన్న బాధ ఆ రోజు మొదలైంది. 2021 ట్రేడ్ ఆ బాధలోంచి పుట్టిందనే నా నమ్మకం.

మొదటి రెండు పిక్‌లు ముందే తేలిపోయాయి, జాక్సన్‌విల్ ట్రెవర్ లారెన్స్‌ని, న్యూయార్క్ జెట్స్ జాక్ విల్సన్‌ని తీసుకుంటారని అందరికీ తెలుసు. మాకు మిగిలినవి మూడు పేర్లు.

మా బావది మ్యాక్ జోన్స్ పార్టీ. అలబామా కుర్రాడు, 2020లో 13 మ్యాచ్‌లు ఆడి అన్నీ గెలిచాడు, 4,500 గజాలు, 41 టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించడం), 4 ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్లు పట్టేసుకున్న పాస్‌లు), వంద పాస్‌లు వేస్తే 77 తన వాళ్ల చేతుల్లోకే. పరుగు లేదు, చెయ్యి మరీ బలమైనదేం కాదు, చూడటానికి పక్కింటి ఇంజినీరింగ్ స్టూడెంట్‌లా ఉంటాడు. "నాకు సర్కస్ అక్కర్లేదురా, చెప్పిన టైంకి చెప్పిన చోట బంతి పడితే చాలు" అనేవాడు బావ.

నా పాత ఆఫీసులో పక్క సీటు గుంటూరు అన్నది ఫీల్డ్స్ పార్టీ. జస్టిన్ ఫీల్డ్స్, ఒహాయో స్టేట్, 40 గజాలు నాలుగున్నర సెకన్ల లోపే పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్. జనవరి 1న క్లెమ్సన్‌తో సెమీఫైనల్లో పక్కటెముకల మీద ఘోరమైన దెబ్బ తగిలి కింద పడి, లేచి, మొత్తం ఆరు టచ్‌డౌన్ పాస్‌లు వేసి అదే ట్రెవర్ లారెన్స్ టీమ్‌ని 49-28తో ఓడించాడు. "దెబ్బ తిన్నాక ఎలా ఆడాడో చూశాక ఇంకేం చూడాలండీ మీకు" అని అన్న ప్రతిసారీ అక్కడికే వచ్చి ఆగేవారు. పదిరోజుల తర్వాత ఫైనల్లో మ్యాక్ జోన్స్ అలబామా ఫీల్డ్స్ టీమ్‌ని 52-24తో కొట్టింది కదా అని బావ అంటే, అలబామాలో అందరూ రేపటి ఫస్ట్ రౌండర్లే, అక్కడ నిలబడి విసరడం ఏం గొప్ప అని అన్న అనేవారు, ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది.

శాన్ హోసేలో ఉండే వరంగల్ తమ్ముడిది, నాది ట్రే లాన్స్ పార్టీ. నార్త్ డకోటా స్టేట్ అనే చిన్న డివిజన్ కాలేజీ, 2019లో 16 మ్యాచ్‌లు, 16 గెలుపులు, 28 టచ్‌డౌన్ పాస్‌లు, ఇంటర్‌సెప్షన్ ఒక్కటి కూడా లేదు. పైగా 1,100 గజాలు పరిగెత్తాడు. 2020లో కోవిడ్ వల్ల వాళ్ల సీజన్ వాయిదా పడి ఒకే ఒక్క మ్యాచ్ ఆడాడు. మొత్తం కాలేజీలో స్టార్ట్ చేసినవి, అంటే మొదట్నుంచి దిగి ఆడినవి, 17 మ్యాచ్‌లు, వేసిన పాస్‌లు 318. డ్రాఫ్ట్ రోజుకి అతనికి ఇంకా 20 ఏళ్లే. "అన్నా, గా పిలగాని కాళ్లు సూడు, గా సెయ్యి సూడు, ఇరవై ఏండ్లకే గిట్లుంటే ఇరవై ఐదుకి ఎట్లుంటడే" అనేవాడు తమ్ముడు. నాకూ అదే అనిపించేది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, బావ మాట్లాడింది "మన కోచ్ ఆటకి ఎవరు సరిపోతారు" అన్న ప్రశ్న గురించి. గుంటూరు అన్న మాట్లాడింది "ముగ్గురిలో ఈ రోజు ఎవరు మంచి ఆటగాడు" అన్నదాని గురించి. మేమిద్దరం మాట్లాడింది "ఐదేళ్ల తర్వాత ఎవరు ఎక్కడిదాకా ఎదుగుతారు" అన్నదాని గురించి, ఇక్కడి ఫ్యాన్స్ దాన్ని సీలింగ్ అంటారు. మూడు వేరే వేరే ప్రశ్నలు, మూడింటికీ మూడు వేరే జవాబులు ఉండొచ్చు, కానీ మేం మాత్రం "ఎవరు బెస్ట్" అన్న ఒక్క మాట కింద మూడింటినీ కలిపేసి రాత్రి పన్నెండింటిదాకా అరుచుకున్నాం, అందుకే ఎవరూ ఎవర్నీ ఒప్పించలేకపోయారు.

బావ ప్రశ్నని కొంచెం దగ్గర్నుంచి చూడాలి, దాన్ని సరిగ్గా అర్థం చేసుకోనిది నేనే కాబట్టి. మా కోచ్ కైల్ షనహాన్ ఆటలో పదే పదే కనిపించే ప్లే ఒకటుంది. క్వార్టర్‌బ్యాక్ సెంటర్ (బంతిని వెనక్కి అందించేవాడు) వెనకే నిలబడి బంతి అందుకుని, డిఫెన్స్‌కి వీపు చూపించి, రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) పొట్టలో బంతి పెడుతున్నట్టు చెయ్యి చాపుతాడు, పెట్టడు. అది చూసి అవతలి లైన్‌బ్యాకర్లు పరుగు ఆపడానికి రెండు అడుగులు ముందుకి వస్తారు. ఆ రెండు అడుగుల వల్ల వాళ్ల వెనక, మైదానం నడి మధ్యలో ఒక ఖాళీ పుడుతుంది, మహా అయితే ఒక సెకను ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్ తల తిప్పేసరికి రిసీవర్ ఇంకా అక్కడికి చేరడు, అయినా విసిరేయాలి, చేరాక విసిరితే లేటు. రిసీవర్ పరుగులోనే పట్టుకుంటాడు కాబట్టి పట్టాక ఇంకో పది గజాలు, పదిహేను గజాలు దొరుకుతాయి, అప్పట్లో డీబో శామ్యూల్, జార్జ్ కిటిల్ లాంటివాళ్లు బతికిందే దానిమీద. ఇందులో కాళ్ల వేగం పనికొచ్చేది తక్కువ. కళ్లతో చూడకముందే బుర్రలో చూసి ఉండాలి, అది వేల సార్లు చేస్తే తప్ప రాదు. షనహాన్ చేతిలో బాగా ఆడినవాళ్లు మ్యాట్ రయన్, 2016లో ఎంవీపీ, అంటే లీగ్ ఉత్తమ ఆటగాడు, అయ్యాడు, కర్క్ కజిన్స్, నాలుగో రౌండ్ పిక్, ఇద్దరూ మరీ పరుగుల వీరులు కాదు, టైం తప్పనివాళ్లు. అందుకే టీవీ వాళ్లలో చాలామంది మ్యాక్ జోన్సే అని ఢంకా బజాయించారు. మార్చి 30న ఒకే రోజు ఒహాయోలో ఫీల్డ్స్ ప్రో డే (డ్రాఫ్ట్ ముందు టీమ్‌ల ఎదుట విసిరి చూపించే రోజు), అలబామాలో మ్యాక్ జోన్స్ ప్రో డే పడితే షనహాన్, జనరల్ మేనేజర్ జాన్ లించ్ ఇద్దరూ అలబామాకే వెళ్లారు, ఆ సాయంత్రం గుంటూరు అన్న నా ఫోన్ ఎత్తలేదు.

లాన్స్ తరఫున మేం చెప్పిన దాంట్లో కూడా పస ఉంది. నార్త్ డకోటా స్టేట్ ఆడేది పాతకాలపు ప్రో స్టైల్ ఆట, సెంటర్ వెనకే నిలబడటం, వీపు తిప్పడం, తనని కాపాడే ముందు లైన్‌కి ఎవర్ని ఎవరు ఆపాలో చెప్పడం, ఇవన్నీ అతనికి అలవాటే. దానికి తోడు కాళ్లు. డిఫెన్స్‌కి క్వార్టర్‌బ్యాక్ కూడా పరిగెత్తగలడన్న భయం ఉంటే మైదానంలో ఒక మనిషి ఎక్కువైనట్టే లెక్క. ఇదంతా నిజమే. మేం తక్కువ అంచనా వేసింది ఆ 318 అన్న అంకెని.

నాలుగో విషయం ఒకటుంది, మా నలుగురిలో ఎవరం సరిగ్గా పట్టించుకోలేదు. ధర. ఇది రెండు రకాలు. మొదటిది కాంట్రాక్ట్. 2010లో మొదటి పిక్‌గా వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకు 7 కోట్ల 80 లక్షల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చారు, అందులో 5 కోట్లు గ్యారంటీ. 2011లో ఆటగాళ్ల యూనియన్‌తో కొత్త ఒప్పందం వచ్చి కొత్త కుర్రాళ్ల జీతాలకు కళ్లెం వేసింది, అదే ఏడాది మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు 2 కోట్ల 20 లక్షలు మాత్రమే. అప్పట్నుంచి ఆట లెక్కే మారిపోయింది. ప్రతి టీమ్‌కి ఏడాదికి జీతాల పరిమితి ఒకటే, 2021లో అది 18 కోట్ల 25 లక్షల డాలర్లు, అందులో క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే రెండున్నర కోట్లు పైన తినేస్తే మిగతా యాభై మందికి తగ్గుతుంది. అదే మంచి క్వార్టర్‌బ్యాక్ కుర్రాడిగా చవకలో దొరికితే ఆ మిగిలిన డబ్బుతో చుట్టూ గోడ కట్టొచ్చు. అందుకే ఉన్నవాడు పర్లేదనిపించినా టీమ్‌లు డ్రాఫ్ట్ వైపు చూస్తాయి. లాన్స్‌కి పడింది నాలుగేళ్లకు 3 కోట్ల 41 లక్షలు.

రెండోది వంతుల ధర, మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు అంటే ఆ ఏడాది పిక్ ఈ ఒక్కడికే పోయి, తర్వాత రెండేళ్లు ఫస్ట్ రౌండ్ నుంచి కొత్త రక్తం ఆగిపోవడం. మేం ముగ్గురు కుర్రాళ్లని పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాం గానీ ఆ ముగ్గురిలో ఎవరికైనా అంత ధర తగునా అని అడగలేదు, కొనేశాక ధర గురించి మాట్లాడటం ఇంట్లో అపశకునంలా అనిపించింది. మేమిచ్చిన 12వ నంబర్ మయామి నుంచి ఫిలడెల్ఫియాకి, అక్కడ్నుంచి డల్లాస్‌కి చేతులు మారింది, డల్లాస్ ఆ నంబర్‌తో, తర్వాత పెద్ద స్టార్ డిఫెండర్ అయిన మైకా పార్సన్స్‌ని తీసుకుంది. 2022 పిక్ మయామి చేతిలోంచి కాన్సాస్ సిటీకి వెళ్లింది, రిసీవర్ టైరీక్ హిల్ కోసం చేసుకున్న ట్రేడ్‌లో భాగంగా.

బే ఏరియా ఫ్యాన్స్ ఈ విషయంలో ఎందుకంత ఉడికిపోతారో తెలియాలంటే పాత గాయాలు తెలియాలి. 2000లో ఫార్టీనైనర్స్ మూడో రౌండ్‌లో, 65వ పిక్‌గా జొవానీ కార్మాజీ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నారు, రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అదే డ్రాఫ్ట్‌లో స్టేడియానికి కొద్ది మైళ్ల దూరంలో శాన్ మాటెయోలో పుట్టి పెరిగిన, చిన్నప్పట్నుంచి ఫార్టీనైనర్స్ ఫ్యాన్ అయిన, తర్వాత లీగ్‌లోనే గొప్ప క్వార్టర్‌బ్యాక్‌గా పేరు తెచ్చుకున్న టామ్ బ్రేడీ 199వ పిక్ దాకా మిగిలిపోయాడు. 2005లో మొదటి పిక్ మాదే, బే దాటితే బర్క్‌లీలో ఆడిన, ఇక్కడి టీమ్ అంటే ప్రాణమైన, తర్వాత పెద్ద స్టార్ అయిన క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ ఉండగా యూటా నుంచి అలెక్స్ స్మిత్‌ని తీసుకున్నారు, రాడ్జర్స్ 24వ పిక్‌గా గ్రీన్ బేకి వెళ్లాడు. ఈ కథ అందరూ "తప్పు మనిషిని తీసుకున్నారు" అని చెప్తారు, నేను అలా అనుకోను. స్మిత్‌కి మొదటి నాలుగేళ్లలో నలుగురు అఫెన్స్ కోఆర్డినేటర్లు (బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆటని నడిపే కోచ్‌లు) మారారు, ఏడాదికో కొత్త భాష నేర్చుకున్నట్టు. రాడ్జర్స్ మూడేళ్లు బ్రెట్ ఫావ్ వెనక కూర్చుని తాపీగా నేర్చుకున్నాడు. 2011లో జిమ్ హార్బా కోచ్‌గా వచ్చాక అదే స్మిత్‌తో టీమ్ 13 గెలిచి 3 ఓడింది. ఇద్దర్నీ అటుదిటు మార్చి ఉంటే ఎవరి కథ ఎలా ఉండేదో ఎవరు చెప్తారు?

ఏప్రిల్ 29 గురువారం సాయంత్రం. ఆ టైంకి మా పెద్దవాళ్లకి, మాకు వ్యాక్సిన్లు పడ్డాయి, ఏడాది తర్వాత మొదటిసారి నలుగురం ఒకచోట, బావ వాళ్ల పెరట్లో. టీవీ కిటికీ దగ్గరికి జరిపి బయటికి తిప్పారు, కుర్చీలు దూరం దూరంగా వేశారు, అక్క మిర్చి బజ్జీలు వేడి వేడిగా తెస్తోంది, ఎవరూ సరిగ్గా తినట్లేదు. లారెన్స్ అయిపోయాడు, విల్సన్ అయిపోయాడు, గడియారం మొదలైంది, ఫస్ట్ రౌండ్‌లో టీమ్‌కి పది నిమిషాలు. క్లీవ్‌లాండ్‌లో లీగ్ కమిషనర్ రాజర్ గుడెల్ మైకు దగ్గరికి నడుస్తుంటే తమ్ముడు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. "ట్రే లాన్స్" అని వినపడగానే వాడు వేసిన కేకకి పక్కింటి వాళ్ల కుక్క మొరగడం మొదలుపెట్టింది. గుంటూరు అన్న మౌనంగా ఒక బజ్జీ తీసుకున్నారు. బావ మాత్రం లేచి వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "సరేలేరా, ఇక మన పిల్లాడు" అన్నాడు. ఫీల్డ్స్ 11వ పిక్‌గా షికాగోకి, మ్యాక్ 15వ పిక్‌గా న్యూ ఇంగ్లండ్‌కి వెళ్లారు.

తర్వాత జరిగింది చాలామంది "లాన్స్ ఫ్లాప్" అని ఒక్క మాటలో తేల్చేస్తారు, అది వింటే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు. 2021లో జిమ్మీనే ఆడించారు, ఎందుకంటే టీమ్ గెలిచే టీమ్, ఆ ఏడాది కాన్ఫరెన్స్ ఫైనల్ (సూపర్ బౌల్‌కి ముందు మెట్టు) దాకా వెళ్లి లాస్ ఏంజెలెస్ ర్యామ్స్ చేతిలో 20-17తో ఓడింది. అలాంటి టీమ్‌లో కుర్రాడికి తప్పులు చేసి నేర్చుకునే మ్యాచ్‌లు ఎక్కడ దొరుకుతాయి? లాన్స్ రెండే స్టార్ట్ చేశాడు. 2022 అతనిది అన్నారు. మొదటి మ్యాచ్ షికాగోలో, అవతల ఫీల్డ్స్, కుండపోత వాన, మైదానంలో నీళ్లు నిలిచాయి, 19-10తో ఓడిపోయాం. రెండోది లీవైస్‌లో సియాటిల్‌తో, నేను, తమ్ముడు స్టేడియంలోనే ఉన్నాం. మొదటి క్వార్టర్‌లో తనే బంతి పట్టుకుని మధ్యలోకి పరిగెత్తాడు, కుప్ప పడింది, అందరూ లేచారు, అతను లేవలేదు. కాలికి గాలి నింపిన కట్టు కట్టడం మా సీట్ల దాకా కనిపించింది. బండి మీద తీసుకెళ్తుంటే టీమ్ అంతా చుట్టూ చేరింది. తమ్ముడు ఒక్క మాట మాట్లాడలేదు, పార్కింగ్ దాకా కూడా. చీలమండ విరిగింది, సీజన్ అయిపోయింది.

ఫార్టీనైనర్స్ తరఫున లాన్స్ మొత్తం వేసిన పాస్‌లు 102, స్టార్ట్ చేసినవి నాలుగు మ్యాచ్‌లు. 2023 ఆగస్టులో డల్లాస్‌కి ఒక నాలుగో రౌండ్ పిక్‌కి ఇచ్చేశారు. కాలేజీలో 318, ఇక్కడ 102. నాకు అర్థమైంది ఇదీ: అతనికి కావాల్సింది ఆట, మా టీమ్ దగ్గర లేనిదీ అదే. సంవత్సరం మొత్తం ఓడినా పర్లేదనుకునే టీమ్‌కి వెళ్లి ఉంటే 17 మ్యాచ్‌లు వరసగా తప్పులు చేస్తూ ఆడేవాడేమో. సూపర్ బౌల్ గుమ్మంలో నిలబడ్డ టీమ్ అలా ఆగలేదు. ఆ ముగ్గురిలో ఎవరు గొప్ప అన్న చర్చలో ఈ సంగతి ఒక్కసారి కూడా మా నోట రాలేదు.

దీనికి సాక్ష్యం మా ఇంట్లోనే దొరికింది. 2022 డ్రాఫ్ట్‌లో ఆఖరి పిక్, 262వది, ఆఖర్న వచ్చినవాడిని మిస్టర్ ఇర్రెలవెంట్ అని పిలుస్తారు, బ్రాక్ పర్డీ. అయోవా స్టేట్‌లో నాలుగేళ్లు ఆడాడు, నలభైకి పైగా మ్యాచ్‌లు, 1,400కి పైగా పాస్‌లు. పొడుగు లేదు, చెయ్యి మామూలే. లాన్స్ పడిపోయాక జిమ్మీ, డిసెంబర్ 4న మయామితో మ్యాచ్‌లో జిమ్మీ పాదం విరిగాక పర్డీ. ఆ మ్యాచ్ గెలిపించాడు, తర్వాతి వారం మొదటి స్టార్ట్‌లోనే టామ్ బ్రేడీ టీమ్‌ని 35-7తో ఓడించాడు. వీపు తిప్పి, తల తిప్పే లోపే విసరడం, బావ 2021లో నాకు చెప్పడానికి ప్రయత్నించిందంతా ఈ కుర్రాడు లైవ్‌లో చూపించాడు. 2023లో 4,280 గజాలు, ఫార్టీనైనర్స్ చరిత్రలో ఒక సీజన్‌కి అదే ఎక్కువ, టీమ్ మళ్లీ సూపర్ బౌల్‌కి వెళ్లి ఓవర్‌టైమ్‌లో 25-22తో ఓడింది. ఆ ఏడాది అతని జీతం 8 లక్షల 70 వేల డాలర్లు, శాంటా క్లారాలో పేరున్న కంపెనీల్లో సీనియర్లు కొంతమందికి అంతకంటే ఎక్కువే వస్తుంది. క్వార్టర్‌బ్యాక్ అంత చవకలో దొరికాడు కాబట్టే డిఫెండర్ నిక్ బోసాకి 17 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇవ్వగలిగారు, రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెకాఫ్రీ లాంటివాళ్లని మోయగలిగారు. 2025 మేలో పర్డీకి 5 ఏళ్లకు 26 కోట్ల 50 లక్షలు ఇచ్చారు, ఇక ఆ చవక రోజులు అయిపోయాయి.

అయితే పర్డీని చూపించి డ్రాఫ్ట్ అంతా లాటరీ అనేవాళ్లతో నేను ఏకీభవించను. అతన్ని ఎవరూ పసిగట్టలేదన్నది నిజం, కానీ అతను బాగా ఆడటానికి కారణాలు కళ్లముందే ఉన్నాయి, ఆడి ఆడి వచ్చాడు, తన బుర్రకి సరిపడే కోచ్ దగ్గరికి వచ్చాడు, చుట్టూ ఆ టీమ్ ఉంది. న్యూయార్క్‌లో 2018లో 3వ పిక్‌గా వచ్చి నలిగిపోయిన శామ్ డార్నల్డ్ సంగతి చూడండి, 2023లో మా దగ్గర లాన్స్‌ని దాటి బ్యాకప్ అయ్యాడు, షనహాన్ దగ్గర ఒక ఏడాది కూర్చున్నాడు, 2024లో మినెసోటాకి వెళ్లి 14 మ్యాచ్‌లు గెలిపించాడు. మనిషి అదే, చెయ్యి అదే.

మిగతా ఇద్దరి కథలు కూడా ఇలాంటివే. ఫీల్డ్స్‌ని షికాగోలో 2022 ఒక్క సీజన్‌లో 55 సార్లు పడగొట్టారు, అదే సీజన్‌లో 1,143 గజాలు పరిగెత్తాడు, టీమ్ 3 గెలిచి 14 ఓడింది. మ్యాక్ జోన్స్ మొదటి ఏడాది న్యూ ఇంగ్లండ్‌ని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లాడు, బావ ఆ శీతాకాలమంతా మాకు నిద్రలేకుండా చేశాడు, తర్వాత కోఆర్డినేటర్ వెళ్లిపోయి ఏళ్ల తరబడి డిఫెన్స్ చూసుకున్న మ్యాట్ ప్యాట్రీషియా ప్లేలు చెప్పడం మొదలుపెట్టాడు, కుర్రాడు అక్కడ్నుంచి జారుతూ పోయాడు. 2021 ఫస్ట్ రౌండ్‌లో వచ్చిన ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లలో 2024 సీజన్ మొదలయ్యేసరికి తనని తీసుకున్న టీమ్‌లోనే ఉన్నది లారెన్స్ ఒక్కడే.

మ్యాక్ జోన్స్ 2025 మార్చిలో ఎక్కడికి వచ్చాడనుకున్నారు, మా దగ్గరికే, పర్డీకి బ్యాకప్‌గా. సీజన్ మొదట్లోనే పర్డీ కాలి బొటనవేలు దెబ్బతింది. అక్టోబర్ 2, గురువారం రాత్రి, లాస్ ఏంజెలెస్‌లో ర్యామ్స్ మీద మ్యాక్ కాళ్లు పట్టేసి కుంటుతూనే 342 గజాలు విసిరాడు, ఓవర్‌టైమ్‌లో 26-23తో గెలిచాం. మ్యాచ్ అయిన నిమిషంలో ఫోన్ మోగింది, ఈసారి మొదటి రింగ్‌కే ఎత్తా. బావ ఏమీ అనలేదు, నవ్వుతున్నాడు, అంతే. "2021లోనే వచ్చి ఉంటే?" అన్నా. చాలాసేపు ఆగి, "ఏమోరా, అప్పుడు ఈ దెబ్బలన్నీ తినలేదుగా వాడు" అన్నాడు.

ఆ రాత్రే తమ్ముడు కూడా ఫోన్ చేశాడు. మ్యాచ్ జరిగిన స్టేడియం ర్యామ్స్‌తో పాటు చార్జర్స్ అనే ఇంకో టీమ్‌ది కూడా, ఆ 2025 సీజన్‌లో చార్జర్స్ బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్. "గా పిలగానికి గిప్పుడు ఇరవై ఐదే అన్నా" అన్నాడు. లీగ్‌లో అప్పటికి అతను వేసిన పాస్‌లు ఎన్నో ఇద్దరం కూర్చుని లెక్కేశాం, ఐదో సీజన్ నడుస్తోంది, 200 కూడా దాటలేదు.